ఏడో అధ్యాయంలో పోయి పన్నెండులో వడ్డించిన అత్త

మా అత్త ఏడో అధ్యాయంలో చనిపోయింది. పన్నెండో అధ్యాయంలో, ఉగాది పండగనాడు, కొంగు నడుముకు చెక్కుకుని అందరికీ ఓళిగలు వడ్డించింది. ఓళిగలంటే మా హిందూపురం వైపు బొబ్బట్లకు పేరు. ఊరికే వడ్డించడం కాదు, “ఇంకొకటేసుకోరా, నేను పెడితే వద్దంటావా?” అని కథానాయకుణ్ణి కసిరింది కూడా. ఐదు అధ్యాయాల కిందట ఆమె పాడె మోసినవాళ్ళే బంతిలో కూర్చుని లొట్టలు వేసుకుంటూ తిన్నారు. ఒక్కడికీ అనుమానం రాలేదు.

ఆ నవల నాది. రాసింది నేను, ప్రూఫులు చూసింది నేను, పార్సిల్ విప్పి కొత్త అట్టను నిమిరి మురిసిపోయింది నేను. అదే పని ఇంకొకడు చేసుంటే ఊరుకునేవాణ్ణా? హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. క్లాసులో ఎంత శాంతమో, ఇంటికొచ్చి కథల పుస్తకం పట్టుకుంటే అంత దుర్మార్గుణ్ణి. ఎర్ర పెన్ను లేకుండా కూర్చునేవాణ్ణి కాదు. పెళ్ళికూతురు ఆకుపచ్చ పట్టుచీరతో పీటల మీదికొచ్చి, తాళి కట్టేవేళకు నేరేడుపండు రంగు చీరలో కనబడితే నాకు నిద్ర పట్టదు. అందులోనూ ధర్మవరం చీరల మధ్య పెరిగినవాణ్ణి, నా దగ్గరా రంగు మార్చేది! ఒక నవలలో కడుపుతో ఉన్న పిల్ల రెండు వేసవులు దాటినా కనలేదు. ఇంకో దాంట్లో అమ్మేసిన ఎద్దు మళ్ళీ పశువుల గాటిపాట్లో నిలబడి నెమరు వేసింది. ఇట్లాంటివి దొరికితే పబ్లిషర్లకు, పత్రికలకు ఘాటుగా ఉత్తరాలు రాసేవాణ్ణి. “మీరు పుస్తకం చదువుతాండారా, పోలీసు డ్యూటీ చేస్తాండారా?” అని మా ఆవిడ దెప్పేది.

విచిత్రమేమంటే నాకు కథలు చదవడం నేర్పిన మనిషి ఈ పోలీసు డ్యూటీ ఏనాడూ చెయ్యలేదు. ఆ మనిషి మా అత్తే, నేను నవలలో చంపినామె. మా నాయనకు అక్క. కాపురం ధర్మవరంలో. మామ రైల్వేలో పనిచేసేవాడు కాబట్టి స్టేషన్ అంగట్లోకి వారపత్రికలు దిగీ దిగగానే ఇంటికి వచ్చేవి. మేం పెనుకొండలో ఉండేవాళ్ళం. ఎండాకాలం సెలవులివ్వడం ఆలస్యం, నన్ను ప్యాసింజరు ఎక్కించేవాళ్ళు. మధ్యాహ్నాలు అత్త శనక్కాయలు వొలుస్తూ కూర్చునేది, నేను సీరియల్ గట్టిగా చదవాలి. నా జీతం ఆ వొలిచిన గింజలే.

సీరియల్ రాసేవాళ్ళు ముందటి వారం ఏం రాశారో మర్చిపోయేవాళ్ళు. అచ్చువేసేవాళ్ళకు చూసే తీరిక ఉండేది కాదేమో. ఒక సీరియల్లో ఒక కుంటాయన ఉండేవాడు. అన్ని వారాలూ ఎడమకాలు ఈడ్చినవాడు ఒక వారం కుడికాలు ఈడుస్తూ మేడమెట్లు దిగాడు. నాకు ఒళ్ళు మండి పత్రికను నేలకేసి కొట్టాను.

“తప్పు రాసినాడత్తా!”

“తప్పేంటికి అవుతాది? ఎడమకాలు నయమయ్యింటాది. అంతలో యాడో పడి కుడికాలికి తగిలింటాది. అన్నీ మనకు చెప్తా కూచోవల్లంటే ఆయప్పకు టైముండొద్దా?”

అంతటితో వదిలిపెట్టేది కాదు. ఆయన ఎక్కడ పడ్డాడో కూడా చెప్పేది. పెరట్లో బావి దగ్గర పాచి మీద కాలు జారిందట. అరిస్తే పెళ్ళాం వచ్చి తిడుతుందని నోరు మూసుకుని పడి ఉన్నాడట. పొద్దుగుంకే వేళకు ఎవరో చూసి లేపారట. ఆ సీరియల్ పేరు నాకు ఇప్పుడు గుర్తులేదు, బావి దగ్గర పడున్న ఆ మనిషి మాత్రం నిన్న చూసినట్టు ఉన్నాడు. రచయిత మర్చిపోయాడని అత్త ఎప్పుడూ అనుకోలేదు, మనకు చెప్పలేదని అనుకునేది. చెప్పని చోట ఏం జరిగి ఉంటుందో ఊహించడం నాకు అట్లా అలవాటయింది. నేను రాసిందంతా ఆ అలవాటుతో రాసిందే. ఆమెకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఈ వయసులో గాని తెలిసిరాలేదు.

ఇక్కడ కాకి సంగతి చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా వైపు కాకి వచ్చి నెత్తిన తన్నిందంటే ఆ మనిషికి గండమని నమ్ముతారు. దానికి విరుగుడు కూడా వాళ్ళే కనిపెట్టారు. ఆ మనిషి చనిపోయిందని దగ్గరి చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్ళు నిజమని నమ్మి ఏడవాలి. ఆ ఏడుపుతో గండం పోతుంది. ముందే సంగతి చెప్పి ఏడిపిస్తే చెల్లదు. మా ఇంట్లో దీనికి ఇంకొకటి కలిపారు. ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఆ మనిషే తన చేత్తో బువ్వ పెట్టాలి. అప్పటికి గాని పని పూర్తయినట్టు కాదు.

నా చిన్నప్పుడు పెనుకొండలో మా అవ్వ మిద్దె మీద చింతపండు ఆరబోస్తుంటే కాకి తన్నింది. నాయన ధర్మవరం పోయే ఒకాయన చేత అత్తకు కబురు పంపాడు. ఆ మధ్యాహ్నమే ఆమె రైలు దిగింది. స్టేషన్ నుంచి మా వీధి దాకా ఏడుస్తూనే వచ్చిందని దారిలో చూసినవాళ్ళు తర్వాత చెప్పారు. వాకిట్లోకి రాగానే, “అమ్మా, నన్ను ఇడిసిపెట్టి పోతివా!” అని కూలబడింది. లోపల అవ్వ సంగటి కెలుకుతోంది. “యాడికీ పోలేదులే. కాళ్ళు కడుక్కోని రా, తిందువు” అంది.

అత్త బిత్తరపోయి చూసింది. సంగతి అర్థమయ్యాక గోడకున్న చేట తీసుకుని మా నాయన వీపు వాయించింది. ఆయన తప్పించుకోకుండా నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత అవ్వ పెట్టిన సంగటి ముద్ద తిన్నది. తింటూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నా పెళ్ళిలో వంటవాళ్ళతో పోట్లాడింది కూడా.

నవల రాసేటప్పుడు అత్తను అందులో పెట్టకుండా ఉండటం నా వల్ల కాలేదు. మొదటి ప్రతిలో ఆమె చివర్లో పోతుంది. రాయడం అయ్యాక నాకు ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. పాఠకుణ్ణి మధ్యలోనే ఏడిపిస్తే కథ బిగుస్తుంది కదా అని ఆ చావును ఎత్తి ఏడో అధ్యాయంలో పెట్టాను. తర్వాతి అధ్యాయాలన్నిట్లో ఆమెను వెతికి వెతికి తీసేశాను. ఉగాది అధ్యాయం ఒక్కటే ముట్టలేదు. అది నాకు ఎంత బాగా కుదిరిందంటే, ప్రూఫుల్లో కూడా దాన్ని మళ్ళీ చదివే పనే లేదనుకున్నాను. పబ్లిషర్ దగ్గర ప్రూఫులు చూసేవాళ్ళు వత్తులు, దీర్ఘాలు సరిచూశారు. చనిపోయినవాళ్ళు లేచి తిరుగుతున్నారా అని చూసే ఉద్యోగం మన దగ్గర ఎవరికీ లేదు.

ఒక సమీక్షకుడు పట్టుకున్నాడు. ఈ నవలలో బతికున్నవాళ్ళ కంటే పోయినవాళ్ళే ఓపికగా ఇంటిపని చేస్తారని రాశాడు. నేనైనా అట్లాగే రాసేవాణ్ణి, కాదనను. అయినా తల కొట్టేసినట్టయింది. పబ్లిషర్‌కు ఫోన్ చేసి నానా మాటలన్నాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, గొంతు పెంచడు. “కథ మీది కదండీ మాస్టారూ, అందులో ఎవరు పోయారో మాకెలా తెలుస్తుంది?” అన్నాడు. ఫోన్ పెట్టేశాను. కొన్నాళ్ళకు రెండో ముద్రణ వేస్తామన్నారు. వెంటనే సవరణ రాసి పంపించాను. ఉగాదినాడు అత్తకు బదులు పక్కింటామె వచ్చి వడ్డిస్తుంది. ఓళిగలు మాత్రం అవే.

ఈ పుస్తకాన్ని నేను అత్తకు ఇవ్వలేదు. ‘ఇదుగో అత్తా, నిన్ను చంపి రాశాను, చదువుకో’ అని ఏ మొహం పెట్టుకుని ఇస్తాను? అత్త కోడలు ధర్మవరంలో ఎవరి దగ్గరో చూసి తెచ్చిందట. ఆ పిల్లే ఒకరోజు నాకు ఫోన్ చేసింది. అత్తకు గుండెలో వాల్వు పాడయిందని, బెంగళూరు డాక్టర్లు ఆపరేషన్ చెయ్యాల్సిందే అన్నారని నాకు అప్పటికే తెలుసు. ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండదని కూడా చెప్పారు.

“మొన్న దాకా పోతానన్న్యాది అన్నా. ఇప్పుడు పోనంటాది. ఎంత చెప్పినా వింటల్యా. నువ్వొచ్చి చెప్పు, నీ మాటైతే వింటాది.”

హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండ స్టేషన్లో బండి ఆగినప్పుడు కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తే, కొంగు సర్దుకోకుండా ఏడుస్తూ దిగిన అత్తే కళ్ళకు కట్టింది. ఆమె లేకుండా నేను ధర్మవరం పోవడమనే ఊహే నాకు సరిపడలేదు. భయమేసింది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గేముంది?

ఇంట్లో అత్త మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి ఉన్నాయి. దిండు పక్కన నా నవల, గుర్తు కోసం మధ్యలో దువ్వెన పెట్టి ఉంది.

“రారా, నన్ను సంపినోడా!” అంది.

“అది కథత్తా...”

“కథేలే, నాకు తెలీదా? బాగానే సంపినావు. సదువుతా సదువుతా నేనే ఏడిస్తి. పక్కింటామె సదివి, నన్ను చూసి మల్లా ఏడ్చె. అంతలో ఓళిగలు వడ్డిచ్చేది వచ్చె సూడు, పానం లేసొచ్చినట్లాయ.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. “అది తప్పత్తా. పొరపాటున ఉండిపోయింది. దిద్దేసినా. కొత్త పుస్తకంలో ఉండదు” అన్నాను.

“అదే మా కోడలు చెప్పె, నువ్వు ఫోన్లో అన్న్యావంట. అందుకే పోనంటాండా.”

నేను అయోమయంగా చూశాను. అత్త కాసేపు ఆయాసం తీర్చుకుంది. తర్వాత గొంతు తగ్గించి, ఎండాకాలంలో మిద్దె మీద వడియాలు పెడుతుంటే తనకూ కాకి తన్నిందని చెప్పింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట.

“చెప్తే మాత్రం ఏం చేస్తారు? ఈ కాలంలో సచ్చిపోయినానని కబురు పంపితే ఎవురేడుస్తారురా? వీడియో కాల్ చేసి, ఏదీ సూపీ అంటారు.”

నవ్వాపుకోలేకపోయాను. అత్త నవ్వలేదు.

“కాకి తన్నినాంకనే ఈ ఆయాసం పట్టుకునె. డాక్టరు వాల్వన్న్యాడు. నేను మాత్రం కాకే అనుకుంటి. ఆ దిగుల్లో ఉంటే నీ పుస్తకం వచ్చె. నేను సచ్చిపోతే ఊరూరా ఏడ్చినారు. అబద్ధమని ఒక్కరికీ తెలీదు. మల్లా నా చేత్తోనే బువ్వ పెట్టిచ్చినావు. మా అమ్మకు జరిగినట్లే నాకూ జరిగె. ఇంగ ఏం కాదులే అని బెంగళూరికి సరేనంటి. ఇప్పుడు దిద్దుతానంటాండావు. వడ్డిచ్చేది తీసేస్తే నేను సచ్చిపోయి ఆడనే ఉండిపోతా గదరా!”

కామర్స్ చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు. “గుండె వాల్వుకూ కాకికీ ఏం సంబంధమత్తా?” అన్నాను.

“వాల్వు సంగతి డాక్టరు సూసుకుంటాడు. కాకి సంగతి నువ్వు సూసుకో” అంది.

నేను లేచాను. వరండాలోకి వచ్చి పబ్లిషర్‌కు ఫోన్ చేశాను. సవరణ వద్దన్నాను. ఆయన కంగారుపడ్డాడు. ఫైలు ప్రెస్సుకు వెళ్ళిపోయిందట, తెల్లవారితే మిషనెక్కుతుందట. సంగతి సగమే చెప్పి, ఆమె అన్నం పెట్టే చోటు మాత్రం ఉండి తీరాలన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, “అయితే ఆ చావు తీసేద్దామండీ. చనిపోకపోతే వడ్డించడంలో తప్పేముంది?” అన్నాడు. ఎంత చక్కటి ఉపాయం! నాకెందుకు తట్టలేదా అని ఎగురుకుంటూ లోపలికి పోయాను.

“అత్తా, నువ్వసలు సావవు! అది తీసేస్తాండాము!”

“అయ్యో తిక్కోడా,” అని అత్త నెత్తి కొట్టుకుంది. “నేను సావకుంటే ఎవురేడుస్తారు? ఎవురూ ఏడ్చకుంటే గండమెట్ల పోతాది? సావల్ల, ఏడ్చల్ల, మల్లా లేసి వడ్డిచ్చల్ల. నువ్వు ముందు రాసిందే కరెక్టు. ఊరికే గెలక్కుండా ఉండు.”

నా రాతను ఇంత ఖచ్చితంగా మెచ్చుకున్నవాళ్ళు లేరు. అది కూడా నా తప్పును! మళ్ళీ వరండాలోకి వచ్చాను. ఫోన్ చేతిలో ఉంది, నంబరు నొక్కడానికి మనసు రాలేదు. తప్పని తెలిసి, దిద్దే వీలుండి, వదిలెయ్యడం నాకు చేతకాని పని. రెండోసారి కూడా అదే అచ్చయితే నన్ను చూసి నవ్వనివాడెవడు? లోపల అత్త దగ్గింది. దగ్గి, ఊపిరి కోసం కొంచెంసేపు వెతుక్కుంది. నంబరు నొక్కాను.

“మాస్టారూ, మీ పేరే పోతుందండీ,” అన్నాడు పబ్లిషర్. “మళ్ళీ అదే తప్పు వస్తే కావాలని చేశారనుకుంటారు.”

“కావాలనే చేస్తున్నానండీ” అన్నాను. ఈసారి మొత్తం చెప్పాను. అవ్వ, కాకి, చేట దెబ్బలు, వాల్వు, ఏదీ దాచలేదు.

పబ్లిషర్ అంతా విన్నాడు. తర్వాత ఆయన, “తప్పు దిద్దమని పోట్లాడిన రచయితలు ఉన్నారు గానీ, ఉంచమని బతిమాలినాయన మీరొక్కరే. ప్రెస్సుకు ఇప్పుడే ఫోన్ చేస్తాను. మీరు ఆవిణ్ణి ఆసుపత్రికి బయల్దేరదీయండి” అన్నాడు. నేను అన్ని మాటలన్నా మనసులో పెట్టుకోని ఆ పెద్దమనిషికి ఏం ఇచ్చుకోగలను? తిట్టినందుకు క్షమించమన్నాను. “భలేవారే” అని పెట్టేశాడు.

బెంగళూరులో ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు అత్త నన్ను దగ్గరికి పిలిచింది. దేవుడి ప్రసాదమో, కోడలికి అప్పగింతలో అనుకున్నాను.

“అచ్చయిందా?”

“అయిందత్తా.”

“ఏమీ మార్చలేదు గదా?”

“నీ తోడు. ఒక్క అక్షరం మార్చలేదు.”

“అట్లయితే పోతా” అని కళ్ళు మూసుకుంది.

బయట బెంచీ మీద నేను, అత్త కొడుకూ కోడలూ కూర్చున్నాం. కాకులను, గండాలను నేను నమ్మను. ఆ పొద్దు మాత్రం నమ్మాను. సంచిలో కొత్త ముద్రణ ప్రతి ఉంది. దాన్ని తీసి ఉగాది అధ్యాయం దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. చదవలేదు, ఊరికే పట్టుకున్నాను. డాక్టరు బయటికొచ్చి, అంతా బాగా జరిగిందని కన్నడంలో చెప్పాడు. నాకు కన్నడం బాగానే వచ్చు, అయినా ఇంకోసారి చెప్పమన్నాను. ఆయన విసుక్కోకుండా మళ్ళీ చెప్పాడు. ఆయన చేతులకు మొక్కాలనిపించింది, మొక్కాను కూడా.

ఆ పుస్తకం ఇప్పటికీ అట్లాగే ఉంది. చదివినవాళ్ళు ఫోన్లు చేస్తుంటారు. కొందరు మొహమాటంగా, కొందరు నేను ఒకప్పుడు రాసినంత ఘాటుగా, పోయినామె మళ్ళీ ఎట్లా వచ్చిందని అడుగుతారు. అంత జాగ్రత్తగా చదివినందుకు దండాలు చెబుతాను. మీరు ఏడ్చారా అని అడుగుతాను. ఏడ్చామంటే ఇంకో దండం పెడతాను. ఎందుకో చెప్పను. ఎర్ర పెన్ను ఎక్కడుందో ఈమధ్య వెతకలేదు. ఎవరి కథలోనైనా పోయినవాడు తిరిగొస్తే, ఆ ఇంట్లో ఎవరికి ఏం అవసరం పడిందో అనుకుని పేజీ తిప్పుతున్నాను.

కుట్లు మానాక అత్త రమ్మని కబురు పంపింది. ధర్మవరం పోయేసరికి ఇల్లంతా బెల్లం, నెయ్యి వాసన. పండగేం కాదు. కోడలు ఓళిగలు చేసింది. బరువులు ఎత్తొద్దని, ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడని ఆ పిల్ల మొత్తుకుంటూనే ఉంది. అత్త విన్లేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా నా దగ్గరికి వచ్చింది. చాలా చిక్కిపోయింది. జాకెట్టు పైన కుట్టు మచ్చ కొంచెం కనబడుతోంది. ఒక ఓళిగ నా ఆకులో వేసి, తన చేత్తోనే నెయ్యి వంచింది. నేను తిన్నాను.

“ఇంకొకటేసుకోరా,” అంది. “నేను పెడితే వద్దంటావా?”

అది నా పన్నెండో అధ్యాయంలోని మాట. ఆమె దగ్గర విన్నదే రాశానో, నేను రాసింది చదివి ఆమె అంటోందో నాకు తెలియలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఎడమచెయ్యి ఎత్తాను గానీ, అప్పటికే ఆకులో రెండు చుక్కలు పడ్డాయి.

అత్త చూసింది. రెండో ఓళిగ నా ఆకులో వేసింది.

“ఏడ్చే అధ్యాయం అయిపోయిందిరా” అంది. “తిను.”